తాపీ తీరంలో ధ్రువసీమ అతిథులు: అసలు ‘సైబీరియా పక్షి’ అంటే ఏది?

సూరత్: దీపావళి వెలుగులు చల్లారి చలిగాలి మొదలవగానే సూరత్ నగరంలో తాపీ నది వంతెనల మీద ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. తెల్లని రెక్కల పక్షులు వందల సంఖ్యలో నీటిపై చక్కర్లు కొడుతుంటాయి. ఉదయం నడకకు వచ్చినవారు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన కుటుంబాలు గాఠియా పొట్లాలు విప్పి గాలిలోకి విసురుతారు. గాఠియా అంటే శనగపిండితో చేసే, మన కారప్పూసకు దగ్గరి చుట్టమైన గుజరాతీ చిరుతిండి. పక్షులు దానిని నీట పడకుండానే అందుకుంటాయి. చూసేవారు వాటిని ‘సైబీరియా పక్షులు’ అంటారు.

నగరానికి తూర్పు వైపున ఉన్న పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం తరలివచ్చి స్థిరపడిన పద్మశాలీలు వీరిలో అధికం. నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే ఈ జనసంఖ్యను ఊహించుకోవచ్చు. ఇక్కడి తెలుగువారికి ‘సైబీరియా పక్షి’ అన్న మాట కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనైనా, గుంటూరు సమీపంలోని ఉప్పలపాడులోనైనా, సొంత ఊరి చెరువుగట్టు చింతచెట్టు మీదనైనా శీతకాలంలో వాలే ప్రతి పెద్ద పక్షికీ మనవారు పెట్టే పేరు అదే.

అయితే ఈ పక్షులన్నీ సైబీరియా నుంచే వస్తున్నాయా? నిజంగా ధ్రువసీమ నుంచి వచ్చేవి ఏవి? అవి అంత దూరం ఎందుకు ప్రయాణిస్తాయి? మనం విసిరే గాఠియా, సంక్రాంతికి ఎగరేసే గాలిపటం వాటి బతుకును ఎలా తాకుతున్నాయి? ఈ ప్రశ్నలకు సమాధానాలు పరిశీలిద్దాం.

గూడు చెప్పే నిజం

పక్షి ఎక్కడిదో తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను సాకే చోటే దాని పుట్టిల్లు. ధ్రువసీమ పక్షులు మన దేశంలో శీతకాలం గడుపుతాయే తప్ప ఇక్కడ గూడు కట్టవు. కాబట్టి మన ఊరి చెట్టు మీద గూడు కట్టి పిల్లలను పెంచే పక్షి సైబీరియా నుంచి వచ్చినది కాదు.

ఈ గుర్తుతో చూస్తే తేలినీలాపురం, ఉప్పలపాడు, నేలపట్టు ప్రాంతాలకు వచ్చే గూడబాతులు, అంటే పెలికాన్లు, మన పక్షులే. ఎర్రకాళ్ల కొంగలు కూడా అంతే. ఇవి దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలలోనే పుట్టి, ఇక్కడే జీవించే జాతులు. వానలు పడి చెరువులు నిండి, చేపలు పుష్కలంగా దొరికే కాలానికి గూళ్లు కట్టుకునే చోటికి చేరతాయి. పిల్లలు ఎగరడం నేర్చాక నీరు, తిండి వెతుక్కుంటూ చెల్లాచెదురవుతాయి. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ కొల్లేరు పరిసరాలలో గూడబాతుల భారీ స్థావరాన్ని గుర్తించారు. తరువాతి దశాబ్దాలలో ఆ స్థావరం ఖాళీ అయింది. అంటే సైబీరియాలో ఏదో జరిగి కాదు, మన నేల మీదనే చెట్లు, నీరు, నిశ్శబ్దం కరవై అవి వెళ్లిపోయాయి. పేరు తప్పుగా పెట్టుకుంటే బాధ్యత కూడా పరాయి దేశానిదేనన్న భ్రమ కలుగుతుంది. అందుకే ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

పులికాట్‌లో కనిపించే ఫ్లెమింగోల కథ ఇంకా ఆసక్తికరం. మన దేశంలో వాటి ప్రధాన సంతాన క్షేత్రం గుజరాత్‌లోని కచ్ రణ్ ఉప్పునేలలు. అక్కడ అవి మట్టితో చిన్న దిబ్బల వంటి గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి. తెలుగువారు పని కోసం గుజరాత్ వెళ్తే, గుజరాత్‌లో పుట్టే పక్షి తిండి కోసం తెలుగునేల అంచుకు వస్తున్నదన్నమాట.

మరి ‘సైబీరియా’ అన్న మాట ఎలా ప్రచారంలోకి వచ్చింది? ఆ పేరును నిజంగా మోసిన పక్షి ఒకటి ఉండేది. అది సైబీరియా కొంగ. మంచులా తెల్లగా, ఎర్రని ముఖంతో ఉండే ఈ అరుదైన పక్షి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ అభయారణ్యానికి ఏటా వచ్చేది. 2002 తరువాత అది అక్కడ మళ్లీ కనిపించలేదు. దారిలోని దేశాలలో వేట, చిత్తడి నేలల నాశనం దాని రాకను అంతం చేశాయి. పక్షి పోయింది, పేరు మాత్రం మన నోళ్లలో మిగిలి, ఇతర పక్షులకు అతికింది.

తాపీ వంతెనపై ఎగిరేవి ఏవి?

సూరత్‌లో గాఠియా అందుకునేవి సీగల్ జాతులు. గుజరాతీలో వీటిని ‘ధోమడో’ అంటారు. ఇవన్నీ ఒకే చోటి నుంచి రావు. పశ్చిమ తీరంలో శీతకాలం గడిపే వాటిలో గోధుమరంగు తల సీగల్ మధ్య ఆసియా, టిబెట్ పీఠభూముల సరస్సుల వద్ద గూడు కడుతుంది. మన లద్దాఖ్‌లో కూడా సంతానం పొందుతుంది. నల్లతల సీగల్ ఐరోపా నుంచి రష్యా మీదుగా తూర్పు ఆసియా వరకు విస్తరించిన పక్షి. ఈ రెండింటికీ ఆ పేరు వేసవి వేషాన్ని బట్టి వచ్చింది. శీతకాలంలో తల తెల్లబడి, కంటి వెనుక ఒక మచ్చ మాత్రమే మిగులుతుంది. అందుకే పేరు విని చూసేవారు తికమకపడతారు.

నిజమైన ధ్రువసీమ వాసి హ్యూగ్లిన్ సీగల్. ఇది ఉత్తర రష్యా టండ్రాలో, కోలా ద్వీపకల్పం నుంచి తైమీర్ వరకు గూడు కడుతుంది. గుజరాత్ తీరం 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. టండ్రా సుమారు 70 డిగ్రీల దగ్గర. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున లెక్కవేసినా ఆ దూరం 5,400 కిలోమీటర్లు దాటుతుంది. పక్షి తిన్నగా వెళ్లదు గనుక నిజమైన ప్రయాణం ఇంకా ఎక్కువ.

వంతెన మీది సందడిలో మన చూపు పడనివి కొన్ని ఉన్నాయి. తాపీ సముద్రంలో కలిసే చోట, ఖంభాత్ సింధుశాఖ వెంట, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురద మైదానాలలో ఉల్లంకి జాతుల చిన్న పిట్టలు గుంపులుగా మేస్తుంటాయి. వాటిలో లిటిల్ స్టింట్ అనే పిట్ట బరువు సుమారు పాతిక గ్రాములు. వంకర ముక్కు ఉల్లంకి దానికంటే కాస్త పెద్దది. ఈ రెండూ ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన పుట్టినవి. కాకినాడ తీరంలోని కోరింగ మడ అడవుల వద్ద, పులికాట్ అంచులలో కూడా ఇలాంటి పిట్టలే శీతకాలం గడుపుతాయి.

ఆరు వారాల వేసవి

ధ్రువసీమ అంటే మంచు తప్ప మరేమీ లేదనుకుంటాం. కానీ జూన్‌లో టండ్రా రూపం పూర్తిగా మారిపోతుంది. 70 డిగ్రీల అక్షాంశం వద్ద మే మధ్య నుంచి జులై చివరి దాకా సూర్యుడు అస్తమించడు. పైపొర మంచు కరిగి నేలంతా చిత్తడి అవుతుంది. అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల వల్ల ఆ నీరు ఇంకదు. నిలిచిన నీటిలో దోమలు, ఈగలు, సాలీళ్లు లెక్కకు అందనన్ని పుడతాయి. పిల్లలను పెంచే పక్షికి ఇంతకు మించిన విందు లేదు. రాత్రి లేదు గనుక మేత వెతికే సమయానికీ కొదవ లేదు.

అయితే ఆ విందు ఐదారు వారాలే. ఆ లోపే గూడు, గుడ్లు, పిల్లలు, ఎగరడం అన్నీ పూర్తి కావాలి. ఉల్లంకి జాతుల పిల్లలు గుడ్డు నుంచి బయటపడిన కొద్ది గంటలకే తమ మేత తామే వెతుక్కుంటాయి. వంకర ముక్కు ఉల్లంకులలో మగపక్షులు గుడ్లు పొదగకుండానే జులై మొదటి వారాలలో దక్షిణానికి బయలుదేరతాయి. ఆ తరువాత ఆడపక్షులు వెళ్తాయి. చివరగా, దారి చూపే పెద్దలు ఎవరూ లేకుండానే, రెండు నెలలు కూడా నిండని పిల్లలు వేల కిలోమీటర్ల ప్రయాణానికి రెక్కలు విప్పుతాయి. సూర్యుడు, నక్షత్రాలు, భూ అయస్కాంత క్షేత్రం ఆధారంగా దిక్కును గుర్తించే శక్తి వాటికి పుట్టుకతోనే వస్తుంది.

టండ్రాలో మనుషులు కూడా రుతువుతో పాటు కదులుతారు. రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో నెనెట్స్ ప్రజలు రెయిన్‌డీర్ మందలతో, తోళ్లతో కప్పిన గుడారాలతో వేసవికి ఉత్తరానికి, శీతకాలానికి దక్షిణాన అడవుల వైపుకు వందల కిలోమీటర్లు వలస సాగిస్తారు. మంద ఎక్కడ మేస్తే ఇల్లు అక్కడికి కదులుతుంది.

చిట్టెలుకకూ ఖంభాత్ తీరానికీ సంబంధం

టండ్రాలో లెమ్మింగ్ అనే చిట్టెలుక వంటి జంతువు ఉంది. దాని సంఖ్య సుమారు మూడు నాలుగేళ్లకు ఒకసారి విపరీతంగా పెరిగి, మరుసటి ఏడాది ఒక్కసారిగా పడిపోతుంది. లెమ్మింగులు పుష్కలంగా ఉన్న ఏడాది ధ్రువ నక్కలు, మంచు గుడ్లగూబలు వాటిని తిని కడుపు నింపుకుంటాయి. పక్షుల గూళ్ల జోలికి పెద్దగా పోవు. లెమ్మింగులు తగ్గిన ఏడాది నక్కలు నేల మీది గూళ్లపై పడి గుడ్లను, పిల్లలను తినేస్తాయి. తైమీర్ ప్రాంతంలో వంకర ముక్కు ఉల్లంకుల సంతానం ఈ చక్రాన్ని అనుసరించి పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని శాస్త్రవేత్తలు దశాబ్దాల పరిశీలనతో నిర్ధారించారు. అంటే మన తీరంలో ఒక శీతకాలం చిన్న పిట్టలు ఎన్ని కనిపిస్తాయన్నది ఎక్కడో ఉత్తరాన ఒక చిట్టెలుక మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు ఈ పాత లెక్కలు తప్పుతున్నాయి. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కిందని ఫిన్లాండ్ పరిశోధకులు 2022లో వెల్లడించారు. మంచు ముందే కరిగితే పురుగులు ముందే పుడతాయి. పక్షులు మాత్రం పాత పంచాంగం ప్రకారమే చేరుకుంటాయి. పిల్లలు పుట్టేసరికి విందు ముగుస్తుంది. తైమీర్‌లో పుట్టి పశ్చిమ ఆఫ్రికాలోని మారిటేనియా తీరంలో శీతకాలం గడిపే రెడ్ నాట్ పిట్టలపై 2016లో వెలువడిన పరిశోధన ఒక దిగ్భ్రాంతికర విషయాన్ని చెప్పింది. మంచు త్వరగా కరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లలు పొట్టిగా, చిన్న ముక్కులతో పెరుగుతున్నాయి. ఆ చిన్న ముక్కు ఆఫ్రికా ఇసుకలో లోతుగా దాగిన గుల్లలను అందుకోలేదు. ధ్రువసీమలో జరిగిన నష్టానికి మూల్యం ఉష్ణమండలంలో చెల్లించవలసి వస్తున్నది.

ప్రయాణానికి ఇంధనం

వలస పక్షికి కొవ్వే ఇంధనం. బయలుదేరే ముందు కొన్ని వారాల పాటు విపరీతంగా తిని, కొన్ని జాతులు బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. బార్ టెయిల్డ్ గాడ్‌విట్ అనే పక్షి ప్రయాణానికి ముందు తన జీర్ణావయవాలను కుదించుకుంటుంది. ఆ జాతికి చెందిన, ఉపగ్రహ పరికరం అమర్చిన ఒక పక్షి 2022లో అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియా వరకు 11 రోజులలో 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరింది. హిమాలయాలను దాటి వచ్చే చారల తల బాతులు 7,000 మీటర్లకు పైన ఎగిరినట్లు నమోదైంది.

మన దేశానికి వచ్చే నీటిపక్షులు ప్రధానంగా ఉపయోగించే దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఆర్కిటిక్ సముద్రం నుంచి హిందూ మహాసముద్రం వరకు 30 దేశాల మీదుగా ఇది సాగుతుంది. వలస జీవుల రక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం 1983 నుంచి భాగస్వామి. ఆ ఒప్పంద దేశాల 13వ సదస్సు 2020 ఫిబ్రవరిలో గుజరాత్ రాజధాని గాంధీనగర్‌లోనే జరిగింది. పక్షులకు సరిహద్దులు లేవు గనుక ఏ ఒక్క దేశం వాటిని ఒంటరిగా కాపాడలేదన్నది ఈ ఒప్పందానికి మూలం.

గాఠియా పుణ్యమా, పాపమా?

పక్షికి గింజ వేయడం గుజరాత్‌లో పుణ్యకార్యం. వాడవాడలా ‘చబూత్రో’ అనే పక్షుల అరుగులు కట్టిన సంస్కృతి ఇక్కడిది. సీగల్‌కు గాఠియా వేయడం ఆ దయలో నుంచే పుట్టింది. దయను తప్పుపట్టనక్కరలేదు, పదార్థాన్ని మాత్రం ప్రశ్నించాలి. నూనెలో వేయించిన, ఉప్పు కలిపిన పిండి ఈ పక్షుల సహజాహారం కాదు. చేపలు, రొయ్యలు, పురుగుల నుంచి రావలసిన మాంసకృత్తులు అందులో ఆ మేరకు ఉండవు. కడుపు నిండిన భావన కలుగుతుంది గానీ, వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి కావలసిన పోషణ అందదు. ఒకే చోట గుంపులుగా చేరడం వల్ల పక్షుల మధ్య వ్యాధులు త్వరగా వ్యాపిస్తాయి. మిగిలిన తిండి, ప్లాస్టిక్ సంచులు నదిలోనే చేరతాయి. అందుకే పక్షి నిపుణులు ఇవ్వవద్దనే చెబుతారు. సీగల్ నదిలో చేప వెతుక్కోగలదు. మనం ఇవ్వవలసినది ఆ చేప బతికే శుభ్రమైన నీరు.

ఉత్తరాయణంలో ఉరితాడు

అసలు ముప్పు జనవరిలో వస్తుంది. మకర సంక్రాంతిని గుజరాత్‌లో ఉత్తరాయణ్ అంటారు. జనవరి 14, 15 తేదీలలో సూరత్‌లో మేడలన్నీ మనుషులతో, ఆకాశమంతా గాలిపటాలతో నిండిపోతుంది. ముగ్గులు, భోగిమంటలతో పండుగ చేసుకునే పర్వత్ పాటియా తెలుగు ఇళ్ల పిల్లలు కూడా ఆ రెండు రోజులు మేడల మీదనే ఉంటారు. పతంగుల పండుగ హైదరాబాదు, తెలంగాణ పట్టణాలవారికి కూడా పరిచయమైనదే.

సూరత్ మాంజాకు పేరు పడిన ఊరు. దారానికి గాజుపొడి, రంగు, జిగురు పట్టించే పని పండుగకు ముందు వీధుల్లోనే జరుగుతుంది. ఎదుటి పతంగిని కోసే ఆ దారం పక్షి రెక్కనూ అంతే తేలికగా కోస్తుంది. నైలాన్ దారమైతే తెగదు, కుళ్లదు. పండుగ ముగిసిన నెలల తరువాత కూడా చెట్ల కొమ్మలకు, కరెంటు తీగలకు వేలాడుతూ పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది. పావురాలతో పాటు కొంగలు, కంకణాలు, వలస పక్షులు ఇలా గాయపడుతుంటాయి. రెక్కలోని కండరం లేదా ఎముక తెగిన పక్షి ప్రాణంతో మిగిలినా తిరిగి టండ్రాకు చేరలేదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో నైలాన్, ఇతర కృత్రిమ దారాలతో చేసిన మాంజాపై దేశవ్యాప్తంగా నిషేధం విధించింది. అదే ఏడాది నుంచి గుజరాత్ ప్రభుత్వం పండుగ రోజులలో ‘కరుణా అభియాన్’ పేరిట గాయపడిన పక్షుల చికిత్సకు ప్రత్యేక కేంద్రాలు నిర్వహిస్తున్నది. పక్షులు మేతకు బయలుదేరే తెల్లవారుజామున, గూటికి మళ్లే సాయంవేళ పతంగులు ఎగరేయవద్దని కోరుతున్నది. నిషేధం కాగితం మీద ఉన్నా, దారం కొనేది, ఎగరేసేది మనుషులే. ఆకాశంలో తేడా రావాలంటే మేడ మీద మొదలవ్వాలి.

అది సాధ్యమేనా అన్నవారికి నాగాలాండ్ సమాధానం. 2012లో అక్కడి దోయాంగ్ జలాశయం వద్ద వలస వెళ్తున్న అముర్ డేగలను వలలు పన్ని వేల సంఖ్యలో చంపుతున్నారన్న వార్త ప్రపంచాన్ని కలచివేసింది. మరుసటి ఏడాదికే పాంగ్తీ తదితర గ్రామాలు వేటను మానేశాయి. వేటగాళ్లే కాపలాదారులయ్యారు. మన తెలుగు గ్రామాలకు ఈ పాఠం కొత్త కాదు. అనంతపురం ప్రాంతంలోని వీరాపురంలో, తేలినీలాపురంలో ప్రజలు పక్షులను ఇంటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అవి రాని ఏడాది ఊరికి మంచిది కాదని భావిస్తారు.

ఏం చేయవచ్చు?

నూలు దారంతో, గాజుపొడి లేకుండా, ఎండ ఉన్న వేళలోనే పతంగి ఎగరేయాలి. పండుగ మరునాడు మేడ మీద, వీధిలో తెగిపడిన దారాన్ని ఏరి చుట్టకట్టి పారవేయాలి. దారం చుట్టుకున్న పక్షి కనిపిస్తే దారాన్ని బలంగా లాగకూడదు. నీళ్లు నోట్లో పోయకూడదు. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి గుజరాత్‌లో 1962 నంబరు జంతు అంబులెన్సుకు గానీ, అటవీశాఖకు గానీ తెలియజేయాలి. తాపీ వంతెనకు వెళ్తే గాఠియా పొట్లానికి బదులు దూరదర్శిని తీసుకెళ్లవచ్చు. నగరానికి నైరుతి దిశలో డుమస్ దారిలోని గవియర్ చెరువు వలస పక్షులను ప్రశాంతంగా చూడటానికి అనువైన చోటు.

చివరగా ఒక మాట. గుజరాతీలో తెల్ల ఖంజరీటానికి ‘దివాళీ ఘోడో’ అని పేరు. తోక ఊపుతూ పరుగులు తీసే ఈ చిన్న పిట్ట ఉత్తరాది చలిని తప్పించుకొని దీపావళి వేళకు వచ్చి చేరుతుంది గనుక ‘దీపావళి గుర్రం’ అన్నారు. మన నిఘంటువులు దీనిని కాటుకపిట్ట అంటాయి. ఉపగ్రహాలు, కాలి ఉంగరాలు లేని కాలంలోనే మన పెద్దలు దాని రాకడ తేదీని పేరులోనే రాసిపెట్టారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో సీగల్‌లు, ఉల్లంకులు, కాటుకపిట్టలు వరుసగా ఉత్తరానికి మళ్లుతాయి. సూర్యుడి ఉత్తరాయణం జనవరిలో మొదలైతే, వాటి ఉత్తరాయణం అప్పుడు మొదలవుతుంది. జనవరిలో మన దారం తెగకుండా వదిలిన రెక్కలే జూన్‌లో అస్తమించని సూర్యుడి కింద గూటిపై వాలుతాయి.